బొంబాయి–దహ్రాన్: నాలుగు గంటలు

మాచర్ల,
3 జూన్ 1984

జమాల్,

నువ్వు సిగ్గులేనివాడివి. నాలుగు గంటల దూరంలో కూర్చుని కన్నతండ్రిని పరాయి భుజాల మీద మట్టికి పంపినవాడివి. ఈ మాట వెనకాల అనడం నా పద్ధతి కాదు. అందుకే సలాములూ క్షేమసమాచారాలూ పక్కనపెట్టి మొదటి వాక్యంలోనే అంటున్నాను.

తంతి నీకు ముక్కలుగా చెప్పి ఉంటుంది. పూర్తిగా విను. మే ఇరవై మూడు, బుధవారం, పొద్దున ఏడున్నరకు మీ అబ్బా, పీర్ సాహెబ్, తన షాపులో ఆయిలింజను ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. చేతిలో పానా చేతిలోనే ఉంది. పోస్టాఫీసు తలుపులు తీసేసరికి నేను అక్కడ నిలబడి ఉన్నాను. నీ కంపెనీ అడ్రసుకు తంతి కొట్టాను: తండ్రి మరణం, వెంటనే బయలుదేరు.

మసీదు పెద్ద అబ్దుల్ రహీమ్ మధ్యాహ్నం నమాజు కాగానే తీసుకుపోదామన్నాడు. పోయినవాణ్ణి ఆలస్యం లేకుండా మట్టిలో పెట్టాలట. నేను ఒప్పుకోలేదు. ఎడ్లబండి కాలంలో పుట్టిన తొందర విమానాల కాలంలో ఎందుకని పదిమంది ముందూ అడిగాను. బడి నుంచి నా అట్లాసు తెచ్చి, బొంబాయి నుంచి మీ దమ్మామ్ పక్కన విమానం దిగే దహ్రాన్ దాకా దారం పరిచి, స్కేలు మీద కొలిచి చూపించాను. రెండువేల నాలుగు వందల యాభై కిలోమీటర్లు. నాలుగు గంటల ప్రయాణం. బొంబాయి నుంచి హైదరాబాదు గంటంబావు. అక్కణ్ణించి సాగర్ మీదుగా మాచర్లకు బస్సులో ఐదు గంటలు. మొత్తం పది గంటలా పావు. విమానాశ్రయాల్లో కాచుకునేది ఎంత కలిపినా గురువారం మధ్యాహ్నానికి నువ్వు మా మధ్య ఉండాలి. ఈ నాలుగు గంటలు నేను కల్పించింది కాదు, నువ్వు సెలవుకొచ్చినప్పుడు నీ నోటితో చెప్పిందే.

నరసరావుపేట నుంచి పొట్టులో కప్పి ఐసుగడ్డలు తెప్పించాను. గురువారం ఎండలో మాచర్ల బస్టాండులో నిలబడి ఏడు హైదరాబాదు బస్సులు చూశాను. దిగినవాళ్లందరి మొహాలూ చూశాను. ఒక్కదాంట్లోనూ నువ్వు లేవు. పొద్దుగూకే వేళకు పని ముగిసింది.

దీన్ని నేను వదల్లేదు. నా పత్రిక ‘నిలదీత’ జూన్ సంచిక మొదటి పేజీలో ‘నాలుగు గంటల కొడుకులు’ అని రాశాను. నీ పేరు పెట్టే రాశాను. ఓవర్‌టైము కోసం తండ్రిని వదులుకునే తరం ఒకటి తయారైందని రాశాను. మీ అమ్మ హలీమా వదినను కూర్చోబెట్టి చదివి వినిపించాను. ఆమె లేచి, గోడ మీద నీ ఫొటో దించి పెట్టెలో వేసింది. డిసెంబరు సెలవుకు నువ్వు ఆ గడప తొక్కనక్కర్లేదని రాయమంది. రాస్తున్నాను.

నాలుగేళ్లు నీకు భూగోళం చెప్పినవాణ్ణి. ఆ సంగతి ఊళ్లో ఎవరైనా గుర్తు చేస్తే తలదించుకోవాల్సి వస్తోంది.

బాలశౌరి

*

దమ్మామ్,
27 జూన్ 1984

మాస్టారికి,

జమాల్ సలాం.

మీ ఉత్తరం, దాంతోపాటు ‘నిలదీత’ అందాయి. గదిలో మనవైపు వాళ్లు ముగ్గురున్నారు. ముగ్గురూ నాకంటే ముందే చదివారు. చదివి, నాకు కనపడకుండా పరుపు కింద పెట్టారు. అందులో ఒకతను దుర్గి ఊరివాడు. ఆ రోజు నా పళ్లెం కూడా తనే కడిగాడు. అట్లా కడగడం నాకు చానా కష్టంగా అనిపించింది.

మీ తంతి బుధవారం సాయంత్రమే ఇక్కడి ఆఫీసుకు వచ్చింది. ఈ దేశంలో గురువారం, శుక్రవారం సెలవు. నేను దమ్మామ్‌లో లేను. మూడు వందల కిలోమీటర్లు లోపల, ఇసుకలో, నీళ్లు తోడే స్టేషను ఒకటి కడుతున్నారు. అక్కడ పంపులు బిగిస్తున్నాను. శనివారం నీళ్ల ట్యాంకరు డ్రైవరు ఉల్లిపాయల బస్తా దించి, దాంతోపాటు ఆ కాగితం ఇచ్చాడు. అప్పటికి అబ్బా మట్టిలోకి పోయి రెండు రోజులైంది. నేను ఆ కాగితం చదివి చేతిలో ఉన్న బోల్టు పూర్తిగా బిగించాను. ఎందుకు బిగించానో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆదివారం దమ్మామ్ వచ్చాను. పాసుపోర్టు కంపెనీ బీరువాలో ఉంటుంది. దేశం దాటాలంటే వేరే కాగితం కావాలి, దాని మీద యజమాని సంతకం కావాలి. ఆయన ఊళ్లో లేడు. గుమాస్తా మంచివాడే. అయిపోయిందని మీరు కొట్టిన రెండో తంతి నా ముందు పెట్టి, ఇంక పోయి ఏం చేస్తావని అడిగాడు.

నాలుగు గంటల మాట నాదే. కాదనను. ఎనభై రెండులో వచ్చినప్పుడు షాపు ముందు బెంచీ మీద కూర్చుని, పొద్దున టిఫిను అక్కడ, మధ్యాహ్నం అన్నం బొంబాయిలో అని గొప్పలు చెప్పాను. మొదటిసారి వచ్చేటప్పుడు ఆ నాలుగు గంటల విమానం ఎక్కడానికి బొంబాయి ముసాఫిర్‌ఖానాలో పదకొండు రోజులు నేల మీద పడుకున్నానని చెప్పలేదు. అబ్బా పదిమందిలో ఉన్నాడు. ఆయన మొహం చిన్నబోతుందని చెప్పలేదు. దానికి నేను సిగ్గుపడుతున్నాను.

కానీ మీకు చెప్పాను మాస్టారూ. పోయిన ఏడాది రంజాను నెలలో అబ్బాకు రాసిన ఉత్తరంలోనే మీ పేరుతో విడిగా ఒక చీటీ పెట్టాను. పాసుపోర్టు నా చేతిలో ఉండదు, అబ్బాకు గాని అమ్మీకి గాని ఏమైనా అయితే నాకోసం ఆగొద్దు, మన ఆచారం ప్రకారం ఆ పూటే కానిచ్చేయండి అని రాశాను. అబ్బాకు ఉత్తరాలు చదివి పెట్టేది మీరే గనక, ఆయనకు వినిపించకుండా మీ దగ్గరే ఉంచుకుని, అవసరం పడ్డప్పుడు అమ్మీకి చెప్పమని రాశాను.

రెండు సంగతులు అడుగుతున్నాను. ఆ చీటీ ఏమైంది? అబ్బాను బుధవారం పొద్దున నుంచి గురువారం పొద్దుగూకేదాకా, ఆ మే నెల ఎండలో, ఎట్లా ఉంచారు?

అమ్మీకి నేను వేసిన ఉత్తరాలు రెండు తిరిగి వచ్చాయి.

జమాల్

*

మాచర్ల,
20 జూలై 1984

నాయనా జమాల్,

నీ ఉత్తరం చదివి రక్తం ఉడికిపోయింది. మనిషి పాసుపోర్టు బీరువాలో పెట్టి తాళం వేసుకునే హక్కు ఎవడిచ్చాడు వాడికి? దీన్ని ఉద్యోగం అంటారా? వెట్టి అంటారు. వెల్దుర్తిలో, బొల్లాపల్లిలో వానలు లేక మెట్టచేలు బీడు పడితే మన కుర్రాళ్లు ఎక్కడికి పోతారు? ఏజెంటు వాళ్లను లారీకెత్తినట్టు విమానానికి ఎత్తుతాడు. ఇక్కడి ప్రభుత్వానికి వాళ్లు పంపే డబ్బు కావాలి, వాళ్లు అక్కర్లేదు. అక్కడి షేకులకు చేతులు కావాలి, ఆ చేతులకు ఒక తండ్రి ఉంటాడన్న సంగతి అక్కర్లేదు. మధ్యలో రెండు విమానాశ్రయాలు తళతళలాడుతూ ఉంటాయి, దూరాలు దగ్గరైపోయాయని మనల్ని నమ్మించడానికి.

దీని మీద మూడు వ్యాసాలు వరుసగా రాయదలిచాను. మొదటిది ఆగస్టు సంచికకు సిద్ధమవుతోంది. నీ అనుభవం అందులో ముఖ్యమైన సాక్ష్యం. అందుకే ఇంకో రెండు పేజీలు ఆ ప్రభుత్వాల నిర్వాకం గురించే దీనితో జతచేశాను, చదివి నీ అభిప్రాయం రాయి. మీ క్యాంపులో ఎంతమంది ఉన్నారు, గదికి ఎందరు, నీళ్లు ఎన్నిసార్లు వదులుతారు, వివరంగా రాయి.

జూన్ వ్యాసంలో కొన్ని వాక్యాలు ఘాటుగా పడి ఉండొచ్చు. సమాచారం అందకముందు రాసింది. సారాంశంలో తప్పు లేదనే నా అభిప్రాయం.

చీటీ సంగతి నాకు సరిగా గుర్తులేదు. ఇంట్లో కాగితాలు గుట్టలుగా ఉన్నాయి, వెతికిస్తాను. కడగడం, కఫన్ గుడ్డ తొడగడం అంతా మసీదువాళ్లు చూసుకున్నారు. నేను అందులో కలగజేసుకోలేదు.

ఆరోగ్యం జాగ్రత్త.

బాలశౌరి

*

దమ్మామ్,
8 ఆగస్టు 1984

మాస్టారికి,

మూడు పేజీలు రాశారు. షేకుల మీద, ప్రభుత్వం మీద, ఏజెంట్ల మీద. అన్నీ నిజమే. నేను అడిగింది అవి కాదు.

అడిగిన ప్రశ్నకు జవాబు తెలియక పక్కపాఠం రాసిపెట్టిన పిల్లలకు మీరు సున్నా వేసేవారు. పేపరు పైకెత్తి క్లాసుకంతా చూపించేవారు.

మా చెల్లెలు జాన్‌బీ అమ్మీకి తెలియకుండా కార్డు రాసింది. నాలుగే వాక్యాలు. “అమ్మీ రోజూ ఒకటే అడుగుతాంది. ఆఖరున అబ్బా మొహం నాకెందుకు చూపలేదంటాంది. ఎవురూ చెప్పట్లేదు. నీకేమన్నా తెలుసా అన్నా.”

నాకు తెలియదు. మీకు తెలుసు.

మా క్యాంపులో గదికి ఎందరో మీకు రాయను.

జమాల్

*

మాచర్ల,
2 సెప్టెంబరు 1984

జమాల్,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించాను. నాలుగుసార్లూ మొదటి పేరాలో ప్రభుత్వం వచ్చింది. నా చేతికి ఆ దారి అలవాటు. ఈసారి ఎవరినీ రానివ్వకుండా రాస్తాను.

చీటీ పోలేదు. గుర్తులేదన్నది అబద్ధం.

పోయిన ఏడాది అది వచ్చినప్పుడు నాకు కోపం వచ్చింది. పాసుపోర్టు సంగతి చూసి కాదు, ‘మన ఆచారం ప్రకారం’ అన్న మాట చూసి. నా దగ్గర చదువుకున్నవాడు గల్ఫుకు పోయి భక్తుడయ్యాడనుకున్నాను. దాన్ని నా అట్లాసులో పడేశాను. మీ అమ్మకు చెప్పలేదు.

బుధవారం పొద్దున మీ ఇంటి ముందు చాప మీద కూర్చుని అట్లాసు తెరిచాను. చీటీ జారి ఒళ్లో పడింది. చదివాను. రెండోసారి కూడా చదివాను. అప్పటికే అబ్దుల్ రహీమ్‌తో అరగంట వాదించి ఉన్నాను. ఎడ్లబండి మాట అనేసి ఉన్నాను. పదిమంది నా చేతివైపు చూస్తున్నారు. నేను చీటీ మడిచి జేబులో పెట్టుకుని దారం తీశాను.

జమాల్, ఆ పూట నాకు నువ్వు రావడం ముఖ్యం కాదు. నా మాట నెగ్గడం ముఖ్యం. ఈ వాక్యం రాయడానికి నాకు మూడు నెలలు పట్టింది.

అబ్దుల్ రహీమ్ అప్పుడొక మాటన్నాడు. “విమానం ఎంతసేపు ఎగురుద్దో చెప్పావు మాస్టారూ. అది ఎక్కడానికి ఎంతసేపు పట్టుద్దో అది కూడా చెప్పు.” జవాబు నా జేబులో ఉంది. నేను నవ్వాను. మీ ఆలోచనలు మారవన్నాను. అంతలో హలీమా వదిన లోపలి నుంచి పలికింది: “మాస్టారు లెక్కగట్టి చెప్తన్నాడు గదా భాయ్. ఆగుదాం. వాడొస్తాడు.” ఆమె నమ్మింది నన్ను. నా చదువును నమ్మింది. అబ్దుల్ రహీమ్ ఆమె మాట మీదే ఆగాడు, నా మాట మీద కాదు.

ఐసు బుధవారం మూడు గంటలకు వచ్చింది. గురువారం పొద్దుటికి కరిగిపోయింది. మళ్లీ తెమ్మని మనిషిని పంపితే ఫ్యాక్టరీలో కరెంటు లేదన్నారు. పది గంటలకే ఎండ నలభై నాలుగు. మధ్యాహ్నానికి చుట్టుపక్కల వాళ్లు పిల్లల్ని వేరే వీధికి పంపించేశారు. ముక్కుకు గుడ్డ కట్టుకోవడానికి మొహమాటపడి, కట్టుకోకుండా నిలబడలేక, మనుషులు ఒక్కొక్కరే పని ఉందని జారుకున్నారు. పీర్ సాహెబ్ ఊళ్లో బాగుచేయని ఇంజను లేదు. ఆయన దగ్గర నిలబడలేని స్థితికి ఆయన్ని తెచ్చింది నేను.

కడగడానికి దిగినవాళ్లు ఇద్దరు. చర్మం చేతికి వస్తోందని రుద్దడం మానేసి నీళ్లు మాత్రం పోశారు. మీ అమ్మ మొహం చూస్తానంటే అబ్దుల్ రహీమ్ అడ్డం నిలబడి వద్దన్నాడు. ఎందుకని ఆమె అడిగితే, తల దించుకుని, వద్దమ్మా అని మళ్లీ అదే అన్నాడు. చూపించే మొహం లేదు గనక వద్దన్నాడు. కారణం చెబితే నా పేరు చెప్పాలి. ఆయన చెప్పలేదు. వెనకబడిన మనిషని వ్యాసంలో నేను రాసిన అబ్దుల్ రహీమ్, ఈ మూడు నెలల్లో నా పేరు ఎక్కడా ఎత్తలేదు.

ఇదంతా నేను చూసింది కాదు. విన్నది. నేను అక్కడ లేను. గురువారం పొద్దున నుంచి బస్టాండులో ఉన్నాను. నిన్ను వెతకడానికని ఊరికి చెప్పాను. నిజానికి మీ వీధిలో నిలబడలేకే అక్కడికి వెళ్లాను. ఏడో బస్సు చూసి వెనక్కి వచ్చేసరికి అందరూ కబరస్తాన్ నుంచి తిరిగి వస్తున్నారు. తండ్రి మట్టికి రాలేదని నిన్ను నాలుగు వందల కాపీల్లో అచ్చేసినవాడు ఆ మట్టికి తానే వెళ్లలేదు.

ఆ సాయంత్రం మా ఆవిడ ఫిలోమినా నాకు అన్నం పెట్టి ఒక్క మాట అంది. “కరిగిన ఐసునీళ్లు వాళ్ల గడప దాటి వీధిలోకొచ్చినయి. ఆడోళ్లం మేము ఎత్తిపోశాం.” అప్పటి నుంచి నా పత్రిక మా ఇంట్లో ఎవరూ తెరవడం లేదు.

మరి వ్యాసం ఎందుకు రాశానని అడుగుతావు. ఎవరో ఒకరి తప్పు కావాలి గనక. నువ్వు దూరంగా ఉన్నావు. నీకు ఉత్తరం చేరడానికే పదహారు రోజులు పడుతుంది. ఈలోపు అచ్చయిపోతుంది.

మీ వీధికి వెళ్లడం మానేశాను. హలీమా వదిన ఎదురైతే, జమాలు నించి ఏమన్నా వచ్చిందా అని ఒకసారి అడిగింది, అంత కోపంలోనూ. లేదన్నాను. నీ మొదటి ఉత్తరం అప్పటికి నా జేబులోనే ఉంది.

క్షమించమని రాయడం తేలిక. అది కూడా ఒక వ్యాసంలాగే ఉంటుంది. కాబట్టి రాయను. ఏం చేయమంటావో చెప్పు. వాదించను.

చీటీ దీనితో పంపడం లేదు. నా దగ్గర ఉండాల్సిన అవసరం ఇంకా ఉందేమో నువ్వే చెప్పు.

బాలశౌరి

*

దమ్మామ్,
24 సెప్టెంబరు 1984

మాస్టారికి,

మీ ఉత్తరం చదివాను. దుర్గి అతను వినాలని కూర్చుంటే అతనికీ చదివి వినిపించాను. నీళ్లు మాత్రం పోశారన్న చోట ఆగిపోయాను. మిగతాది అతనే చదివాడు.

నాకు మీ మీద ఎంత కోపం ఉందో కొలవలేను. నాకు చదువు చెప్పింది మీరే, అబ్బాకు నా ఉత్తరాలన్నీ చదివింది మీరే. అవి చదివేటప్పుడు ఆయన ఎక్కడ నవ్వాడో, ఎక్కడ మళ్లీ చదవమన్నాడో తెలిసిన మనిషి మీరు ఒక్కరే మిగిలారు. అందుకని మీతో తెంచుకోలేను. దానికీ నాకు సిగ్గుగానే ఉంది.

ఏం చేయమంటావని అడిగారు. చెబుతున్నాను. నేను వచ్చేలోపు ఇవన్నీ కావాలి.

1. నా చీటీ తీసుకుని మా ఇంటికి వెళ్లండి. అమ్మీకి చదివి వినిపించండి. ఒక్క ముక్క వదలకుండా, పైన వేసిన తారీఖుతో సహా.

2. అది ఎప్పుడు వచ్చిందో, ఎక్కడ పెట్టారో, బుధవారం పొద్దున ఎవరి జేబులో ఉందో ఆమెకు చెప్పండి. ఆమె ఏమన్నా అంటే పూర్తిగా వినండి. మధ్యలో మాట్లాడకండి.

3. మొహం ఎందుకు చూపలేదో చెప్పండి. నెమ్మదిగా చెప్పండి. జాన్‌బీని పక్కన కూర్చోబెట్టి చెప్పండి. ఆమె అడిగినదానికంటే ఎక్కువ చెప్పకండి.

4. శుక్రవారం నమాజు అయ్యాక మసీదు బయట నిలబడి, అబ్దుల్ రహీమ్ చాచాతో, అందరూ వినేటట్టు, తప్పు మీదని చెప్పండి. ఆచారాల గురించి మీ అభిప్రాయం మీరు ఉంచుకోండి. ఆ రోజు మాత్రం అది ఎత్తకండి.

5. ‘నిలదీత’ మొదటి పేజీలో, జూన్‌లో నా పేరు ఎంత అక్షరాల్లో వేశారో అంత అక్షరాల్లో మీ పేరు వేసి, జరిగింది రాయండి. షేకులు, ఏజెంట్లు, ప్రభుత్వం అందులో రాకూడదు. వాళ్ల మీద వేరే సంచికలో రాసుకోండి, తప్పకుండా రాయండి.

6. అబ్బా కబరు దగ్గరికి ఒకసారి వెళ్లండి. వెళ్లానని నాకు రాయనక్కర్లేదు.

7. నా ఉత్తరాలు ఇకనుంచి జాన్‌బీ చేతికే ఇమ్మని పోస్టుమ్యాన్ ఇశ్రాయేలుకు చెప్పండి. మీ దగ్గరున్న నా మొదటి ఉత్తరం కూడా ఆమెకు ఇచ్చేయండి.

8. డిసెంబరులో బయలుదేరుతున్నానని మాత్రం అమ్మీకి చెప్పండి. ఎన్ని గంటల్లో వస్తానో చెప్పకండి.

జమాల్